కేకకి లైసెన్సు

సుంకుడుపుట్టుకి సెల్‌ టవరు వచ్చి రెండేళ్లయింది. సిగ్నలు మాత్రం ఇంకా రాలేదు. టవరు నిలబెట్టినవాళ్లు కరెంటు ఇమ్మంటే, కరెంటువాళ్లు ముందు రోడ్డు వెయ్యమన్నారు. రోడ్డువాళ్లు ఎవరినీ ఏమీ అనకుండా ఊరుకున్నారు. ఎవరిమట్టుకు వాళ్లు తమ పని పూర్తయిందనే రాసుకున్నారు కాబట్టి, ఉత్తర మన్యంలో ఆ ఊరు ఫోను సౌకర్యం ఉన్న ఊళ్ల లెక్కలోకి వెళ్లిపోయింది. ఎండాకాలంలో టవరు నీడన మేకలు పడుకుంటాయి. అంతవరకు అదీ ఉపయోగమే.

అయినా ఊళ్లో కబుర్లకేం లోటు? లైకోను ఉన్నాడు కదా.

జన్ని లైకోను ఆ ఊరి బారికి. అంటే ఊరి కబురు నలుగురికీ వినిపించేవాడన్నమాట. ఊరి చివర లోయ అంచున ఓ పెద్ద రాయి ఉంది. నాయుడు, అంటే ఊరిపెద్ద బొంజునాయుడు, ఏం చెప్పమంటే అది ఆ రాయెక్కి, రెండు చేతులూ నోటికి దోసిలి పట్టి అవతలి గట్టుకి వినిపించాలి. అవతలి గట్టుమీద ఊరు గాలిబంద. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. ఎండల్లో దిగి, దాటి, ఎక్కితే పూటంతా పడుతుంది. వానల్లో గెడ్డ పొంగిందంటే ఎవరూ దాని జోలికి పోరు. అప్పుడు రెండూళ్లకీ ఉన్నది ఆ కేక ఒక్కటే.

గాలిబంద బారికి ముసలివాడైపోయి గొంతు పోగొట్టుకున్నాడు. అతని బదులు కూతురు రస్మో కేకేస్తుంది. ఆ పిల్ల గొంతు ఎలాంటిదంటే, ‘మా ఊళ్లో పందులకి రోగమొచ్చింది’ అని చెప్పినా లైకోనుకి ఆ పూటంతా హాయిగా ఉండేది. నర్సమ్మ వచ్చిందనీ, రేషను బియ్యం రాలేదనీ, ఎవరి దూడో తప్పిపోయిందనీ, ఇవే వాళ్ల మాటలు. అందులోనే అతను మనసు పారేసుకున్నాడు. మామూలు వాళ్లయితే ఆ సంగతి ఏదో ఓ రోజు నోరు విప్పి చెప్పుకుంటారు. లైకోనుకి ఆ దారీ లేదు. బారికి తన సొంత సంగతి ఆ రాయెక్కి చెప్పకూడదని రెండూళ్ల కట్టుబాటు. ఆ గొంతు ఊరిది. బారికి ఇంట్లో పెళ్లైనా చావైనా ఇంకెవరో ఎక్కి చెప్పాలి. పంటలయ్యాక నాయుడిచేత అడిగిద్దామని లైకోను లోలోపల అనుకుంటూనే ఉన్నాడు. ఇంతలో ఓలేటి పద్మనాభం గారు వచ్చిపడ్డారు.

పద్మనాభం గారు ‘మారుమూల ప్రాంతాల వాణీ అనుసంధాన ప్రాధికార సంస్థ’లో ప్రాంతీయ అధికారి. ఉత్తర మన్యం నూటికి నూరుపాళ్లు అనుసంధానమైపోయిందని సంస్థ అప్పటికే పేపర్లలో ప్రకటన ఇచ్చేసింది. ఇక అది నిజమో కాదో చూసి, నిజమేనని రాయడమే ఆయన పని. ఫోను నెత్తికి ఎత్తి పట్టుకుని, కాళ్లకి జలగలతో, జోరువానలో కొండెక్కి వచ్చారు. టవరు చూశారు. మేకల్ని చూశారు. పాపం, అక్కడే కూలబడిపోయారు. ఏమని రాస్తాడు ఆ మనిషి?

సరిగ్గా అప్పుడే రాయిమీంచి కేక లేచింది.

“ఓ గాలిబందో... మా ఊరికి రేసను బియ్యం వచ్చినాయో... మీ వాటా కూడా మాకాడే దింపేసినారో...”

లోయ అవతల్నించి ఆడగొంతు ఖంగుమని పలికింది. “ఇన్నామో... గెడ్డ తగ్గినాక వత్తామో... ఎలకలు తినకండ సూడండో...”

పద్మనాభం గారు లేచి నిలబడ్డారు. “ఏవయ్యా, నువ్వన్నది అవతలికి చేరిందా?”

“జవాబొచ్చింది కదండి బాబు,” అన్నాడు లైకోను.

“రోజూ ఇలాగే చేరుతుందా? వానొచ్చినా, గాలొచ్చినా?”

“గాలి మనేపు నుంచయితే ఇంకా బాగా ఎల్తాదండి.”

ఆయన కళ్లు మూసుకుని చట్టం నెమరు వేసుకున్నారు. వాణిని ఒక చోటి నుంచి దూరాన ఉన్న మరొక చోటికి చేర్చి ప్రత్యుత్తరం తేగల ఏర్పాటు ఏదైనా దూరవాణి సేవే. అందులో ఇనుము ఉండాలని ఎక్కడా లేదు. కరెంటు ఉండాలని అసలే లేదు. కళ్లు తెరిచేసరికి ఆయనకి ఎదురుగా లైకోను కాదు, నిక్షేపంలాంటి టవరు కనిపించింది.

ఆయన మండల కేంద్రానికి దిగివెళ్లి, పై వాళ్లతో మాట్లాడి, ఆ వారంలోనే ఉత్తర్వుతో తిరిగొచ్చారు. లైకోను ఇకనుంచి సంస్థ గుర్తింపు పొందిన ప్రథమ శ్రేణి వాణీ ప్రసారకుడు. నీలం టోపీ, మెడలో బిళ్ల, రాయిమీద వేసుకోవడానికి ఓ ప్లాస్టిక్‌ కుర్చీ ఇచ్చారు. టవరుకని రాసిన డీజిలు పద్దు మిగిలిపోయింది కాబట్టి ఇంధనం కింద జీలుగుకల్లు మంజూరైంది. లైకోను ఉబ్బిపోయాడు, అబద్ధమెందుకు? టోపీ పెట్టుకుని ఊరంతా రెండుసార్లు తిరిగాడు. తల తడవకుండా ఉందని పైకి చెప్పాడు గాని, రస్మోకి కనబడితే బాగుండునన్నదే అతని బాధ.

రస్మోకీ లైసెన్సు ఇవ్వాలి. గెడ్డ దాటలేరు. అంచేత షరతులన్నీ లైకోను చేతే కేకేయించి చదివించారు. పొద్దున మొదలెడితే పొద్దుగూకింది. ఆఖర్న ఆ పిల్ల “ఇన్నామో” అంది. దాన్ని సంతకంగా స్వీకరించారు. ఆ రోజుతో లైసెన్సు లేనివాళ్లెవరూ లోయ దాటేలా గొంతెత్తరాదని ఉత్తర్వు కూడా అమల్లోకొచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. బారికి ఉండగా మనకెందుకులే అనుకున్నారు.

ఇక నిబంధనలు వానలో పుట్టగొడుగుల్లా లేచాయి. మొదట ప్రతి కేకకీ ముందు కాసేపు “ట్రింగో... ట్రింగో...” అనాలన్నారు. తర్వాత వినియోగదారుల రక్షణ కోసం ఓ హెచ్చరిక చేర్చారు. “అపరిచితులు అడిగినచో మీ రహస్యం చెప్పరాదో...” అని లైకోను మొదటిసారి అరిచిన రోజు గాలిబంద గాలిబందంతా పొయ్యిలు ఆర్పేసి పంచాయతీకి కూర్చుంది. ఎవరి రహస్యం? సుంకుడుపుట్టు వాళ్లకెలా తెలిసింది? మొగుళ్లు పెళ్లాల్నీ, పెళ్లాలు మొగుళ్లనీ అడగడం మొదలెట్టారు. ఎప్పుడో మాయమైన ఓ కోడిపుంజు సంగతి ఆ గొడవలో బయటపడింది.

అంతటితో ఆగితే అది సంస్థ ఎందుకవుతుంది? కబురు ఎవరికో వాళ్లు తప్ప ఇంకెవరూ వినరాదని గోప్యతా నియమం వచ్చింది. కేక మొదలవగానే అందరూ చెవులు మూసుకోవాలి. అందరూ మూసుకునేవాళ్లు, కబురు రావలసినవాడితో సహా. అవతల రస్మో కూడా చట్టం ప్రకారం చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చుంది. రెండు రోజులు లైకోను వట్టి గాలికి కబుర్లు చెప్పాడు. ఆ రెండు రోజుల్లో ఒక్క ఫిర్యాదూ రాలేదని పద్మనాభం గారు సంతోషించారు. మూడోనాడు అందరికీ చేతులు నొప్పెట్టి ఆ నియమం దానంతటదే పోయింది.

తర్వాత కొండ వంతొచ్చింది. లైకోను ఒకసారి అరిస్తే కొండ ఇంకోసారి అంటుంది కదా. లైసెన్సు లేకుండా సమాంతర ప్రసారం చేస్తున్నందుకు దాని మీద కేసు పెట్టారు. పద్మనాభం గారు స్వయంగా నిలబడి నోటీసు పైకి చదివారు. కొండ ఆ నోటీసునే ఆయనకి తిరిగి చదివి వినిపించింది. ధిక్కారం కింద రాసుకున్నారు.

ఇలా నవ్వులాటగా సాగుతున్న రోజుల్లో ఓ పొద్దున అవతలి గట్టుమీంచి రస్మో గొంతు కాకుండా ఓ వణుకు గొంతు వచ్చింది. సొనాయి ముసలమ్మ. ఆ ముసలమ్మ ఎక్కిందంటే బారికి ఇంటి సంగతేదో ఉందన్నమాట.

“ఓ సుంకుడుపుట్టో... మా బారికోడి పిల్లకి రోడ్డూరు నుంచి సమ్మందం వచ్చినాదో... కుర్రోడికి బండున్నాదో... వచ్చే సంతనాడు మాటిచ్చేత్తన్నారో... ఆ దరి నుంచెవులైనా అడిగేదుంతే ఈలోపల అడగండో...”

లైకోను కుర్చీలో కూలబడ్డాడు. ఊరికంతటికీ వాడి మనసు తెలుసు, వాడే తెలీదనుకుంటున్నాడు. బొంజునాయుడు చుట్ట పారేసి లేచాడు.

“ఏడవకొరే. నానడుగుతాను,” అన్నాడు. పంచె ఎగ్గట్టి, దగ్గుతూ రాయెక్కి నోరు తెరిచాడు.

“ఆగండి,” అన్నారు పద్మనాభం గారు. “మీకు లైసెన్సుందా?”

“పిల్లనడగడానికి లైసెన్సేటి బాబు?”

“పిల్లని అడగడానికి అక్కర్లేదు. గెడ్డ దాటేలా అడగడానికి కావాలి. ఆ ముసలావిడకి కూడా లైకోను చేత నోటీసు కేకేయిస్తున్నాను. అనధికార ప్రసారానికి జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. లైకోనుకి లైసెన్సుంది కదా, అతన్నే అడగమనండి.”

ఊరంతా ఆయన్ని జాలిగా చూసింది. “బారికోడు తనది తానే అడుగుతాడేటి బాబు?” అన్నాడు నాయుడు. “అడిగితే కట్టుబాటు తప్పినోడైపోడూ? తప్పినోడికి పిల్లనెవులిత్తారు?”

అదీ సంగతి. అడగగలిగినవాడు అడగకూడదు, అడగవలసినవాడు అడగలేడు. గెడ్డేమో నిండుగా పోతోంది. సంత దగ్గరికొచ్చేస్తోంది. లైకోను టోపీ తీసి చేతిలో పట్టుకుని పద్మనాభం గారి ముందు నిలబడ్డాడు.

“నాయుడికి ఒక్క కేకకి లైసెన్సిప్పించండి బాబు. ఒక్కటంతే ఒక్కటి. ట్రింగో ట్రింగో కూడా అంటాడు.”

ఆయన మనిషి చెడ్డవాడు కాదు. మళ్లీ కొండదిగి, పై వాళ్లని అడిగి, ముఖం ముడుచుకుని వచ్చారు.

“చూడు లైకోనూ. మీ విషయం చాలా ఉన్నతస్థాయిలో పరిశీలించారు. నువ్వొక టెర్మినలువి. ఆ అమ్మాయి ఒక టెర్మినలు. టెర్మినల్‌ అవతలి గట్టున ఒకటి, ఇవతలి గట్టున ఒకటి ఉంటేనే అనుసంధానం. రెంటినీ తీసుకొచ్చి ఒక ఇంట్లో పెడితే గాలిబంద లైను పోతుంది. ఉత్తర మన్యం నూరు శాతం కాస్తా పడిపోతుంది. ప్రకటన ఇచ్చేశాం కదయ్యా.”

“నానే అటేపు ఇల్లరికం ఎల్తానండి.”

“అప్పుడు సుంకుడుపుట్టు లైను పోతుంది.”

నాయుడు గడ్డం గోక్కున్నాడు. “మరి రోడ్డూరోడికిచ్చినా ఆ పిల్ల ఎల్లిపోతాది కదా బాబు?”

“దానికీ అభ్యంతరమే. సంస్థ ఏ వరుడి పక్షమూ వహించదు. లైసెన్సు కాలపరిమితిలో టెర్మినళ్ల వివాహం ప్రజా ప్రయోజనాలకి విరుద్ధమని తీర్మానించారు.”

“అయితే ఆ పిల్ల పెళ్లెప్పుడు సేసుకోవాల?”

“టవరుకి కరెంటొచ్చాక నిరభ్యంతరంగా చేసుకోవచ్చు.”

అందరూ తలలు తిప్పి టవరుకేసి చూశారు.

ఆ తీర్మానాన్ని గాలిబందకి కేకేసి చెప్పమని ఉత్తర్వైంది. ఎవరు చెప్పాలి? లైకోనే. రస్మోకి పెళ్లి వద్దని లైకోను నోటితో చెప్పాలి. చెబితే రోడ్డూరి వాడు వెళ్లిపోతాడు, అదొక ఆశ. కాని ఆ మాట తన గొంతులో విన్నాక ఆ పిల్ల తన ముఖం చూస్తుందా? రాయెక్కి నిలబడి నోరు తెరిచాడు. గాలి వచ్చింది గాని మాట రాలేదు. ఏడుపు అడ్డం పడింది, అంతే. పద్మనాభం గారు సాంకేతిక లోపం అని రాసుకుని, అల్లం కషాయం పట్టించారు.

అలా సంతరోజు వచ్చేసింది. అదే రోజున ప్రారంభోత్సవం కూడా పెట్టారు. సంస్థ చైర్మన్‌ గారు స్వయంగా వచ్చారు. రోడ్డు లేదు కనక ఆయన్ని డోలీలో మోసుకొచ్చారు. మోసినవాళ్లు దించి చెమట తుడుచుకుంటుంటే, మారుమూల అన్న మాటకి ఇక కాలం చెల్లిందని ఆయన అన్నారు. టెంకాయ కొట్టారు. లైకోను కుర్చీకి రిబ్బను కట్టి కత్తిరించారు.

“ఇప్పుడు ప్రథమ సంభాషణ జరుగుతుంది,” అని పద్మనాభం గారు ప్రకటించారు. చైర్మన్‌ గారు గొంతు సవరించుకుని చెబుతుంటే లైకోను అవతలికి మోశాడు. ఉత్తర మన్య ప్రజలారా అన్నారు, వాణీ విప్లవం అన్నారు, మహోజ్జ్వల ఘట్టం అన్నారు. లైకోను “ఘట్టమో...” అని అరుస్తున్నాడే గాని, కళ్లన్నీ అవతలి గట్టు కిందికి దిగే దారిమీదే ఉన్నాయి. గాలిబంద వాళ్లు తట్టలెత్తుకుని, గెడ్డకి అవతలివైపే జరిగే సంతకి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. అక్కడే రోడ్డూరి వాళ్లకి మాటిస్తారు. ఇంకాసేపట్లో అంతా అయిపోతుంది. అతనికి ఆ ఉపన్యాసంలో ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ లేదు.

ఉపన్యాసం అయింది. జవాబు కోసం అందరూ చెవులు రిక్కించారు. కాసేపటికి రస్మో గొంతు వచ్చింది. ట్రింగో అనలేదు, హెచ్చరికా చెప్పలేదు.

“ఓ సుంకుడుపుట్టో... చైర్మన్‌ బాబుకి దండాలో... ఇప్పుడు నా మాటినండో... మా ముసలమ్మకి నోటీసిచ్చినారు. ఇంకెవులికీ లైసెన్సు నేదు. నాకొక్కదానికే ఉన్నాది. అందుకని నాది నానే సెప్పుకుంతన్నానో. తప్పైతే దండగెయ్యండో. రోడ్డూరు సమ్మందం నాకొద్దో... లైకోనుకి నానంతే ఇట్టమున్నాదో నేదో, ఈ సంతకెల్లీ లోపల సెప్పమనండో...”

రెండు గట్ల మీదా అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. బారికి నోట సొంత మాట! తాతల నాటి నుంచి ఎవరూ విని ఎరగరు. చైర్మన్‌ గారికి ఆ యాస అంతుబట్టలేదు.

“ఏమంటున్నారు?” అని అడిగారు.

“వినియోగదారుల స్పందన అండి,” అన్నారు పద్మనాభం గారు, చెమట తుడుచుకుంటూ. “చాలా సానుకూలంగా ఉందండి.”

లైకోను నాయుడికేసి చూశాడు. కట్టుబాటు తప్పితే ఊరికి తప్పినవాడు. ఉత్తర్వు తప్పితే టోపీ, బిళ్ల, కుర్చీ, కల్లు అన్నీ పోతాయి. నాయుడు చాలాసేపు కాలి బొటనవేలితో రాతిని గీకాడు.

“ఆడపిల్ల అడిగేసినాది,” అన్నాడు చివరికి. “నువ్విప్పుడు నోరు మూసుకుంతే దాని పరువేటౌతాదిరా? దండగ ఎయ్యవలసింది నానే కదా. తరవాత సూసుకుందాం.”

లైకోను టోపీ తీసి పద్మనాభం గారి చేతిలో పెట్టాడు. “కాసేపట్టుకోండి బాబు,” అన్నాడు. దోసిలి పట్టాడు. చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి, ఏళ్ల తరబడి దాచుకున్నవి. తీరా నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

“ఇట్టమో...”

చైర్మన్‌ గారు చప్పట్లు కొట్టారు. ఇంత స్పష్టమైన వాణి తమ రాజధాని కార్యాలయంలో కూడా వినలేదన్నారు. రోడ్డూరి కుర్రాడు సంతలో సంగతి తెలుసుకుని బండెక్కి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. కట్టుబాటు తప్పినందుకు రెండూళ్లూ ఇద్దరికీ చెరో పంది దండగ వేశాయి. వానలు తగ్గి గెడ్డ దిగాక పెళ్లి జరిగింది. ఆ రెండు పందుల్నీ పెళ్లి భోజనంలోనే వండారు.

రస్మో సుంకుడుపుట్టుకి కాపరానికి వచ్చేసింది. పద్మనాభం గారికి కంటిమీద కునుకు లేదు. గాలిబంద టెర్మినలు పోయింది. నూరు శాతం పోయింది. తన ఉద్యోగం కూడా పోవడానికి సిద్ధంగా ఉంది. తప్పదు కనక, లైను మూసివేత నమోదు చెయ్యడానికి గెడ్డ దాటి, ఆయాసపడుతూ గాలిబంద ఎక్కారు.

అక్కడ చూస్తే సాయంత్రం పూట ఊరుఊరంతా గట్టు అంచున వరసగా కూర్చుని ఉంది. మీ ఊరికి ఇక సేవ లేదని చెప్పడానికి ఆయన నోరు తెరిచారు. “కాసేపాగండి బాబు, ఇననీండి,” అంది సొనాయి ముసలమ్మ.

లోయ అవతల్నించి మాటలు తేటగా వస్తున్నాయి. “అంబల్లో ఉప్పెక్కువైనాదే.” “ఎక్కువైతే నీలు పోసుకో. బియ్యం ఎప్పుడిత్తారంట?” “ఎల్లుండంట. గాలిబందోలకీ ఎల్లుండేనంట.” అవి కేకలు కావు. అది వాళ్ల ఇల్లు, ఆ ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని అంబలి తాగుతున్నారు. చిన్నప్పట్నించి లోయ అవతలి వాళ్లతోనే మాట్లాడిన మనుషులు, అంతకంటే తగ్గించి మాట్లాడడం ఇద్దరికీ రాదు.

“ఇప్పుడే నయం,” అంది ముసలమ్మ. “ఆ ట్రింగో ట్రింగో లేదు. పొద్దస్తమానూ వత్తాది. బియ్యం సంగతీ తెలుత్తాది, ఆలేటి తిన్నారో కూడా తెలుత్తాది.”

పద్మనాభం గారి ముఖం వెలిగిపోయింది. అక్కడే కూర్చుని, నిరంతర గృహ ప్రసార సేవ అని పేరు పెట్టి, లైను పనిచేస్తోందని రాసుకున్నారు. నూరు శాతం మళ్లీ నిలబడింది. ఇంతలో అవతల్నించి లైకోను గొంతు మళ్లీ వచ్చింది.

“ఆయేల నువ్వడక్కపోతే నాను సచ్చిపోదునే రస్మో. ఒట్టు. నీ గొంతు ఇన్న మొదటిరోజు నుంచీ మరి నాకు వేరే ధ్యాస నేదు.”

సొనాయి ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, నోటీసూ గీటీసూ మరిచిపోయి, లేచి దోసిలి పట్టింది.

“ఓరి లైకోనో... ఆ మాటేదో నాయుడి సేత అప్పుడే అడిగించొచ్చు కదరా అబ్బియో...”

అవతలి ఇంట్లో ఏదో గిన్నె కింద పడింది. ఆ తర్వాత చీకటి పడేదాకా అక్కణ్నించి ఒక్క మాట రాలేదు. పద్మనాభం గారు కలం తీసి, మొట్టమొదటి కాల్‌ డ్రాప్‌ అని రాసుకున్నారు.